ఒట్టికాళ్ల పరుగు: మోకాలి మీది భారం ఎక్కడికి పోతుంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్నది ఇలా. మీకు 36 ఏళ్లు; హైదరాబాదులో రోజంతా కూర్చుని చేసే ఉద్యోగం; రెండేళ్లుగా వారానికి 25 కిలోమీటర్ల దాకా మందపాటి అడుగున్న బూట్లతో పరుగెత్తుతున్నారు. ఆరు నెలలుగా మెట్లు దిగేటప్పుడూ పరుగు మధ్యలోనూ మోకాలి చిప్ప చుట్టూ నొప్పి వస్తున్నది. బూట్లు మానేస్తే అదే పోతుందని మిత్రులు చెప్పారు. చెప్పుల్లేకుండా పెరిగిన తమ తరానికి మోకాళ్ల నొప్పులు ఎక్కడివని మీ నాన్నగారు అన్నారు. ఇథియోపియా పరుగువీరుడు అబెబె బికిలా ఒట్టికాళ్లతో ఒలింపిక్ మారథాన్ గెలిచిన సంగతి కూడా మీరు ప్రస్తావించారు. ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో 21 కిలోమీటర్ల పరుగును బూట్లు లేకుండా పూర్తిచేయవచ్చునా, అందులో లాభనష్టాలేమిటి అన్నది మీ ప్రశ్న.

నేను దాదాపు ముప్పై ఏళ్లుగా వ్యాయామ ఉపాధ్యాయుడిగా, పరుగు శిక్షకుడిగా పనిచేస్తున్నాను. ఒట్టికాళ్లతో మైదానానికి వచ్చే పల్లె పిల్లలకు బూట్లు అలవాటు చేయడం మొదటి ఇరవై ఏళ్లలో నా పని అయితే, బూట్లకు అలవాటుపడిన పెద్దవాళ్లు వాటిని విడిచేస్తామని వచ్చినప్పుడు కాస్త నెమ్మదించమని చెప్పడం ఈ పదేళ్లుగా నా పని. వైద్యుణ్ణి కాను కనుక మీ మోకాలికి రోగనిర్ణయం చేయను. పరుగు గురించి మాత్రం చెప్పగలను.

ముందు అసలు విషయం: బూట్లు విప్పినంత మాత్రాన పరుగులో పుట్టే భారం తగ్గిపోదు, చోటు మారుతుంది. మోకాలికి తగ్గిన పని పిక్క మీద, పిక్కను మడమకు కలిపే గట్టి స్నాయువు మీద, వేళ్ల వెనకనుండే పొడుగు ఎముకల మీద పడుతుంది. మీ శరీరంలో ఏ భాగం బలహీనంగా ఉంది, కొత్తగా భారం మోయబోయే భాగానికి మీరు ఎంత గడువు ఇస్తారు అన్న రెండు సంగతుల మీదే ఇది మీకు లాభమో నష్టమో ఆధారపడి ఉంటుంది.

మెత్తటి అడుగున్న బూటు వేసుకున్న మనిషి కాలు బాగా ముందుకు చాచి, మడమను ముందు నేలకు ఆనించి పరుగెత్తడానికి వెనకాడడు, ఎందుకంటే ఆ తాకిడిలో పదునైన భాగాన్ని బూటులోని నురుగు పొర మింగేస్తుంది. అదే మనిషి బూట్లు విప్పి సిమెంటు నేల మీద నాలుగడుగులు అలాగే వేస్తే మడమ నుంచి దవడ దాకా అదురుతుంది. ఐదో అడుగుకల్లా, ఎవరూ నేర్పకుండానే, అడుగు కురచ చేసి, మోకాలిని కొద్దిగా వంచి, మునిపాదాన్ని గాని పాదం నడిమి భాగాన్ని గాని ముందు ఆనించడం మొదలుపెడతాడు. హార్వర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన డేనియల్ లీబర్‌మన్ బృందం 2010లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన పరిశోధనలో ఈ తేడాను కొలిచి చూపింది. అలవాటుగా ఒట్టికాళ్లతో పరుగెత్తేవారు మునిపాదం ఆనించినప్పుడు, గట్టి నేల మీద కూడా, బూట్లతో మడమ ఆనించేవారికంటే తక్కువ తాకిడిని ఎదుర్కొంటారని తేలింది. ప్రపంచమంతటా ఒట్టికాళ్ల పరుగు మీద మోజు పుట్టడానికి ఈ పరిశోధన ఒక ముఖ్య కారణం. అయితే దాన్ని ఉదహరించేవారిలో చాలామంది 2013లో వచ్చిన మరో పరిశోధనను వదిలేస్తారు. ఉత్తర కెన్యాలో పుట్టినప్పటి నుంచీ పాదరక్షలు లేకుండా తిరిగే దాసనచ్ ప్రజలు తమకు అనువైన మామూలు వేగంతో పరుగెత్తినప్పుడు ఎక్కువమంది మడమనే ముందు ఆనించారు. అంటే బూట్లు విప్పగానే అందరి అడుగూ ఒకేలా దిద్దుకుంటుందనుకోవడం సరికాదు. వేగం, నేల, అలవాటు అన్నీ కలిసి అడుగును నిర్ణయిస్తాయి.

మీ మోకాలి విషయంలో మీ మిత్రులు చెప్పినదాంట్లో నిజం లేకపోలేదు. ఒట్టికాళ్లతో పరుగెత్తినప్పుడు మోకాలి చిప్ప వెనక కీలు మీద ఒత్తిడి సుమారు 12 శాతం తగ్గినట్టు ఆస్ట్రేలియా పరిశోధకులు 2014లో చూపించారు. పది కిలోమీటర్ల పరుగులో దాదాపు పది పదకొండు వేల అడుగులు పడతాయి కనుక, ఒక్కొక్క అడుగుకు తగ్గేది కొంచెమే అయినా మొత్తం మీద అది చిన్న సంగతి కాదు. కానీ అదే పదివేల అడుగుల్లోనూ మడమ కిందికి దిగకుండా పట్టి ఉంచే పని పిక్కది, మడమ వెనక స్నాయువుది. కూర్చుని చేసే ఉద్యోగంలో ఉంటూ, మడమ ఎత్తుగా ఉన్న బూట్లను ఏళ్ల తరబడి వాడినవారిలో ఆ స్నాయువు ఇంత సాగుడుకు సిద్ధంగా ఉండదు.

లెక్క మొత్తం చూస్తే ఏమవుతుందన్నదానికి 2016లో అమెరికా పరిశోధకులు వెలువరించిన ఒక అధ్యయనం నాకు అన్నిటికంటే నిజాయితీగా కనిపిస్తుంది. బూట్లతో పరుగెత్తేవారినీ ఒట్టికాళ్లవారినీ కలిపి 201 మందిని ఏడాదిపాటు గమనించారు. ఒట్టికాళ్లవారికి గాయాలు తక్కువే అయ్యాయి, కానీ వారు పరుగెత్తిన దూరం కూడా తక్కువే. దూరాన్ని లెక్కలోకి తీసుకుంటే రెండు పక్షాలకూ చెప్పుకోదగ్గ తేడా మిగలలేదు. తేడా ఉన్నది గాయమయ్యే చోటులో. ఒట్టికాళ్లవారికి పిక్కల బాధలు, అరికాలి గాయాలు ఎక్కువ. బూట్లవారికి మోకాలి, తుంటి బాధలు ఎక్కువ. భారం చోటు మారుతుందని పైన అన్నది ఇందుకే.

ఇక మీ నాన్నగారి మాట. ఆ తరానికి మోకాళ్ల నొప్పులు లేవనడాన్ని నేను ఒప్పుకోను, నొప్పి ఉందని పైకి చెప్పేవాళ్లు తక్కువ అంతే. కానీ ‘చెప్పుల్లేకుండా పెరిగాం’ అన్న మాటలో ‘పెరిగాం’ అన్నదానికి చాలా విలువ ఉంది. 1992లో మణిపాల్ వైద్యులు రావు, జోసెఫ్ 2,300 మంది పిల్లల పాదముద్రలు తీసి పరిశీలించారు. పాదరక్షలు వేసుకునే పిల్లల్లో 8.6 శాతం మందికి చదును పాదాలుంటే, వేసుకోని పిల్లల్లో 2.8 శాతం మందికే ఉన్నాయి; వేళ్లను మూసే బూట్లు వేసుకునేవారిలో ఎక్కువగాను, చెప్పులవారిలో అంతకంటే తక్కువగాను కనిపించాయి. పాదం వంపు రూపుదిద్దుకునేది చిన్నతనంలో కాబట్టి, ఆ వయసులో నేల మీద ఆడిన పాదానికీ, మూడో ఏట నుంచే బూటులో ఉన్న పాదానికీ నిర్మాణంలోనే తేడా వస్తుంది. నా దగ్గరికి వచ్చిన పల్లె పిల్లల పాదాలు వేళ్ల దగ్గర వెడల్పుగా, బొటనవేలు విడిగా ఉండేవి; వాళ్లకు సరిపోయే స్పైక్ బూట్లు దొరకడం ఒక అవస్థ. మీ నాన్నగారి పాదాలకు చిన్నప్పుడే దక్కినదాన్ని మీరు 36వ ఏట కొన్ని నెలల్లో సంపాదించలేరు. మీకు చిన్న పిల్లలుంటే మాత్రం, ఇంట్లోనూ ఇసుకలోనూ వాళ్లను ఒట్టికాళ్లతో ఆడనివ్వండి. ఈ మొత్తం విషయంలో నేను ఏ సందేహమూ లేకుండా ఇవ్వగల సలహా అదొక్కటే.

బికిలా కథను సగంలో ఆపకూడదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఆయన రాళ్లు పరిచిన దారులతో సహా 42 కిలోమీటర్లూ ఒట్టికాళ్లతో పరుగెత్తి 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో గెలిచాడు, ఇందులో అతిశయోక్తి లేదు. కానీ ఆయన ఇథియోపియాలో శిక్షణలోనే అలా పరుగెత్తడానికి అలవాటుపడిన మనిషి. నాలుగేళ్ల తర్వాత టోక్యోలో బూట్లు వేసుకుని 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో మళ్లీ గెలిచాడు, అదీ అపెండిక్స్ శస్త్రచికిత్స జరిగిన కొన్ని వారాలకే. దక్షిణాఫ్రికాలో పుట్టిన జోలా బడ్ 1980లలో ట్రాక్ మీద ఒట్టికాళ్లతో పరుగెత్తి పేరు తెచ్చుకుంది. ప్రపంచ అథ్లెటిక్స్ నియమాలు ఈనాటికీ ఒట్టికాళ్లతో పోటీపడడాన్ని అనుమతిస్తున్నాయి. అనుమతి ఉన్నా నేటి మేటి మారథాన్ పరుగువీరులు బూట్లే ఎంచుకుంటున్నారు. దీనికి కారణం వ్యాపారం ఒక్కటే కాదు. పాదం మీద వంద గ్రాముల బరువు పెరిగితే ప్రాణవాయువు ఖర్చు సుమారు ఒక శాతం పెరుగుతుంది కనుక ఒట్టికాళ్లకు ఆ మేరకు లాభం ఉండాలి. కానీ 2012లో కొలరాడో విశ్వవిద్యాలయం పరిశోధకులు పోల్చి చూసినప్పుడు, తేలికపాటి మెత్తని బూట్ల ముందు ఒట్టికాళ్లకు అలాంటి లాభమేదీ కనిపించలేదు. మెత్తని అడుగు లేనప్పుడు ఆ అదురును ఓర్చుకునే పనిని కండరాలే చేయాలి, దానికీ శక్తి ఖర్చవుతుంది.

నా సొంత అనుభవం కూడా చెప్పాలి. 2011లో ఈ మోజు మన ఊళ్ల దాకా వచ్చినప్పుడు, చిన్నప్పుడు ఒట్టికాళ్లతో తిరిగినవాణ్ణే కదా అన్న ధీమాతో నేనూ బూట్లు పక్కన పెట్టాను. మొదటి వారం రెండు కిలోమీటర్లు, మూడో వారానికి ఆరు. పిక్కలు పట్టేసినా, పాత అలవాటు తిరిగి వస్తోందని సంబరపడ్డాను తప్ప ఆగలేదు. నాలుగో వారంలో ఎడమ పాదం పైభాగాన, రెండో వేలి వెనక, వేలితో చూపించగలిగినంత చిన్న చోట నొప్పి మొదలైంది. మొదట తీసిన ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. మూడు వారాల తర్వాత తీసినదాంట్లో పగులు అతుక్కుంటున్న గుర్తు స్పష్టంగా కనిపించింది. కొత్తగా సైన్యంలో చేరి మైళ్లకు మైళ్లు కవాతు చేసే కుర్రవాళ్లలో తరచు కనిపించే ‘మార్చ్ ఫ్రాక్చర్’ అదే. రెండు నెలలు మైదానం గట్టు మీద కూర్చుని పిల్లల పరుగు చూడవలసి వచ్చింది.

ఇది ఎందుకు జరుగుతుందో తెలిస్తే తొందరపడాలని అనిపించదు. ఎముక మీద కొత్త భారం పడినప్పుడు శరీరం ముందుగా పాత ఎముకను కొంత కరిగించి, ఆ తర్వాత అక్కడ కొత్త ఎముకను కడుతుంది. కరిగించడం వారాల్లో అయిపోతుంది, కట్టడానికి నెలలు పడుతుంది. అందువల్ల మూడు నాలుగు వారాలు గడిచేసరికి కండరం బలపడి మనకు ఉత్సాహం పెరుగుతుంది, సరిగ్గా అప్పుడే ఎముక అన్నిటికంటే బలహీనంగా ఉంటుంది. 2013లో అమెరికాలో అనుభవం గల 36 మంది పరుగువారి మీద పది వారాల ప్రయోగం ఒకటి జరిగింది. వేళ్లు విడివిడిగా ఉండే పలుచటి బూట్లకు క్రమంగా మారిన 19 మందిలో 10 మందికి పాదం ఎముకల లోపల వాపు పెరిగినట్టు ఎమ్మారై చిత్రాల్లో కనిపించింది. పది వారాలే తొందర అయినప్పుడు నా మూడు వారాల సంగతి చెప్పనక్కరలేదు. ఆ తరహా బూట్లను అమ్మిన వైబ్రం సంస్థ, పాదాలు బలపడతాయనీ గాయాలు తగ్గుతాయనీ చేసిన ప్రచారం మీద పడిన దావాలో, తప్పు ఒప్పుకోకుండానే, 2014లో 37.5 లక్షల డాలర్లు చెల్లించడానికి రాజీపడింది. పలుచటి బూటు ఒట్టికాలుతో సమానం కాదన్నది నా అభిప్రాయం. అరికాలి చర్మం మంటపెట్టి ‘ఇక చాలు’ అని చెప్పడమే ఒట్టికాళ్ల పరుగులో ఉన్న పెద్ద రక్షణ. పలుచటి బూటు ఆ చర్మాన్ని కాపాడుతూ ఎముకను మాత్రం బలిపెడుతుంది.

అరికాలి సంగతి వచ్చింది కాబట్టి ఒక ముక్క. కాయకాచిన పాదం మొద్దుబారుతుందని చాలామంది భయపడతారు. 2019లో కెన్యాలో జరిపిన పరిశోధనలో, సహజంగా దళసరి అయిన అరికాలి చర్మం స్పర్శను తగ్గించదని తేలింది. నాకు తెలిసిన పరుగువారిలో ప్రతి ఏటా అయ్యప్ప దీక్ష తీసుకునేవారు కొందరున్నారు. 41 రోజులు చెప్పుల్లేకుండా ఉండే ఆ కాలంలో మొదటి వారం అరికాళ్లు మండుతాయి, రెండో వారం పిక్కలు లాగుతాయి, ఆ తర్వాత గచ్చు మీద ఇసుక రేణువు తగిలినా తెలుస్తుందంటారు. ఆ రోజుల్లో పరుగును కురచ చేసి నడకను పెంచినవారెవరూ నా దగ్గరికి కుంటుతూ రాలేదు. ఎప్పటి దూరాలనే పట్టుకుని వేలాడినవారు మాత్రం వచ్చారు.

మన నేల గురించి విదేశీ వ్యాసాలు చెప్పనివి కొన్ని ఉన్నాయి. వేసవిలో మధ్యాహ్నం తారు రోడ్డు 50 డిగ్రీలు దాటుతుంది. సింథటిక్ ట్రాక్ కూడా అంతే, పొద్దున ఎనిమిది దాటితే దాని మీద ఒట్టికాళ్లు పెట్టవద్దు. పల్లె మైదానాల్లో పల్లేరుకాయలు, సర్కారు తుమ్మ ముళ్లు, పట్నంలో సీసాపెంకులు ఉంటాయి. ధనుర్వాతపు టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తు లేకపోతే ముందు వైద్యుణ్ణి అడిగి ఆ పని చూడండి. తడిసిన మురికి నేలలో కొంకిపురుగుల పిల్లలు పాదం చర్మం గుండానే శరీరంలోకి ప్రవేశించి, పేగులకు చేరి, రక్తహీనత తెస్తాయి. కాబట్టి వానాకాలంలో బహిర్భూమికి వెళ్లే చోట్లకు దగ్గరగా ఉన్న బాటలు పనికిరావు. మెత్తగా ఉంటుందని అందరూ పచ్చికను, సముద్రపు ఇసుకను ఎంచుకుంటారు గాని, మొదటి పాఠానికి ఆ రెండూ మంచివి కావు. పచ్చిక ముల్లును దాచిపెడుతుంది, పైగా మడమతో గుద్దినా నొప్పి తెలియనివ్వదు. పొడి ఇసుకలో మడమ దిగబడి స్నాయువు అతిగా సాగుతుంది. విశాఖ తీరం వంటి చోట్ల తడి ఇసుక గట్టిగానే ఉన్నా, అది నీటి వైపు వాలుగా ఉండడం వల్ల ఒక కాలు ఎప్పుడూ పల్లంలో పడుతుంది. ఊడ్చి శుభ్రంగా ఉన్న సిమెంటు బాటో, చల్లని వేళ ట్రాకో మేలు; గట్టి నేల మీద తప్పటడుగు వేస్తే అది వెంటనే తెలిసిపోతుంది.

మధుమేహం వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవారు, కాళ్లకు రక్తప్రసారం సరిగా లేనివారు, కుష్ఠు వల్ల స్పర్శ పోయినవారు ఒట్టికాళ్లతో పరుగెత్తడం సంగతి అటుంచి, ఇంట్లో కూడా చెప్పులు విడవకూడదు. వారికోసమే ఆసుపత్రుల్లో ఎం.సి.ఆర్. (మైక్రోసెల్యులార్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు) చెప్పులు ఇస్తారు. మీకు మధుమేహం ఉందో లేదో మీరు రాయలేదు. ఈ వయసులో ఒకసారి పరీక్ష చేయించుకుని తీరాలి.

ఇప్పుడు మీరు ఏం చేయాలో చెబుతాను. ముందు బూట్లు విప్పకండి. నిమిషానికి మీ అడుగులు ఎన్ని పడుతున్నాయో లెక్కపెట్టండి. మీలాంటివారికి సాధారణంగా 155, 160 మధ్య ఉంటాయి. వేగం పెంచకుండా ఆ సంఖ్యను ఐదు నుంచి పది శాతం పెంచితే, అంటే అడుగును ఆ మేరకు కురచ చేస్తే, పాదం శరీరానికి దగ్గరగా పడి మోకాలి మీది భారం బూట్లతోనే చెప్పుకోదగ్గంత తగ్గుతుంది. ఒట్టికాళ్ల పరుగు నేర్పే మంచిలో పెద్ద వాటా ఇదే, దీనికి పాదం ఎముకలను పణంగా పెట్టనక్కరలేదు. దీంతోపాటు తొడ, తుంటి కండరాలకు బలం చేకూర్చే వ్యాయామాలు వారానికి రెండుసార్లు చేయండి. ఆరు వారాలకు కూడా నొప్పి తగ్గకపోయినా, ఈలోగా మోకాలు వాచినా, మధ్యలో పట్టేసినా ఎముకల వైద్యుడికి చూపించండి.

ఆ ఆరు వారాల తర్వాత కూడా ఒట్టికాళ్ల మీద మనసు ఉంటే, ఇంట్లోనూ మేడ మీదా ఒట్టికాళ్లతో నడవడంతో మొదలుపెట్టి, మెట్టు అంచున నిలబడి మడమలను పైకెత్తి నెమ్మదిగా దించే వ్యాయామం రోజు విడిచి రోజు చేయండి. మూడు వారాలకు పిక్కలు నొప్పి లేకుండా ఒప్పుకుంటే, మామూలు పరుగు ముగిశాక బూట్లు విప్పి 400 మీటర్లు, వారానికి రెండుసార్లు, వరుస రోజుల్లో కాకుండా పరుగెత్తండి. రెండు వారాలకు ఒకసారి మరో 200 మీటర్లు కలపండి, అంతకంటే వద్దు. మడమ కావాలని గాలిలో ఉంచకండి, మునిపాదం తర్వాత అది కూడా నేలను తాకి సేదదీరాలి. బ్యాలే నర్తకిలా వేళ్ల మీద పరుగెత్తేవారికే పిక్కలు ముందు చెడతాయి. పిక్క లాగడం రెండు రోజుల్లో తగ్గితే భయం లేదు. పొద్దున్నే మొదటి అడుగుకు మడమ కింద పోటు వచ్చినా, పాదం పైభాగాన ఒకే చోట వేలు పెట్టి నొక్కితే నొప్పి పుట్టినా ఆ రోజుతో ఆపేయండి.

ఈ లెక్కన ఇప్పుడు, మార్చి నెలాఖరులో మొదలుపెడితే ఆగస్టుకు మీరు ఒకటిన్నర కిలోమీటరు దగ్గర ఉంటారు. హైదరాబాద్ పరుగు దారిలో ఫ్లైఓవర్లు ఎక్కి దిగడం ఉంటుంది, పైగా అది వానల కాలం. కాబట్టి ఆగస్టులో 21 కిలోమీటర్లూ బూట్లతోనే పరుగెత్తండి. పూర్తయ్యాక వాటిని విప్పి, శుభ్రమైన చోటు చూసుకుని, ఒక్క అర కిలోమీటరు ఒట్టికాళ్లతో నడవండి. మరునాడు పిక్కలు ఎలా ఉన్నాయో, మోకాలి నొప్పి ఏ స్థితిలో ఉందో, నిమిషానికి మీ అడుగులు ఎన్ని తేలాయో రాస్తే అక్కడి నుంచి ముందుకు ఆలోచిద్దాం.